అత్తరు పూసిన అయిదు మార్కులు

పోయిన వారం మాలతిని దోహాలోని అల్ మన్సూరాలో ఒక మూడో అంతస్తు తలుపు ముందు నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, వారమంతా ఆవిడ బెల్లు మీద వేలు పెట్టుకునే ఉంది. ఇక లోపలికి పిలుద్దాం. పిలిచే ముందు, ఇవాళే వచ్చి కూర్చున్న వాళ్ళ కోసం నాలుగు మాటలు.

మాలతిది జగిత్యాల. దోహాలో ఒక క్లినిక్కులో నర్సు. సెలవు రోజుల్లో మన్సూరా తెలుగు సహాయ సంఘానికి ఊరికే పని చేసి పెడుతుంది. ఆ సంఘం చందాల మీద బతికే సంఘం. మంచాన పడ్డ మనవాళ్ళ ఇళ్ళకు ఒక మనిషిని పంపడానికి ఏజెన్సీ నుంచి వారానికి నలభై గంటల సేవ కొంటుంది. నలభై అంటే నలభై. నలభై ఒకటో గంట కొనే తాహతు సంఘానికి లేదు. ఆ నలభైనే ఏడిళ్ళకు పంచుతూ వస్తున్నారు.

ఇప్పుడు ఎనిమిదో మనిషి వచ్చాడు. పేరు ముత్యం. స్కాఫోల్డింగ్ మీంచి పడి తుంటి విరిగితే ఆపరేషన్ చేసి, ఆరు వారాలు విమానం ఎక్కొద్దని చెప్పి పంపారు. కంపెనీ మందులిచ్చింది, మంచమిచ్చింది, మనిషిని మాత్రం ఇవ్వలేదు. గదిలో తోటివాళ్ళు తెల్లారకముందే డ్యూటీకి పోతారు. పొద్దుగూకి వాళ్ళు తిరిగొచ్చేదాకా మంచం పక్కన నీళ్ళ సీసా, మంచం కింద ఖాళీ సీసా, ఆ రెంటికీ నడుమ ముత్యం. అతనికి వారానికి ఎనిమిది గంటలు కావాలి. నలభైలోంచే తియ్యాలి.

ఎవరివి తియ్యాలన్నదానికి ఒక ఫారం ఉంది. పది ప్రశ్నలు, ప్రశ్నకు రెండు మార్కులు. అవసరం ఎంత పెద్దదైతే మార్కులు అంత ఎక్కువ. ఎనిమిదికి తక్కువ వచ్చిన ఇంటికి సేవ ఆపేయొచ్చు. ఏడిళ్ళూ తిరిగి మార్కులు వేసింది మాలతే. అందరికన్నా తక్కువ, అయిదంటే అయిదు, ఖుత్బుద్దీన్ చాచాకు వచ్చాయి. మన్సూరాలో ముప్పయ్యేళ్ళు దర్జీ పని చేసిన మనిషి. నిరుడు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కానీ మాలతి వెళ్ళిన రోజు తెల్ల షేర్వానీ తొడుక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, గులాబీ అత్తరు గుబాళిస్తూ కనిపించాడు. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆయన భార్య ఖమర్ సుల్తానా "అల్లా దయ, మంచిగున్నడు" అంది. మాలతి కంటికి కనబడే పక్షవాతానికి అయిదు మార్కులు వేసి, మిగతా ఫారం నిండా సున్నాలు చుట్టి, పెట్టిన డబల్ కా మీఠా తిని, ఇంటికి వచ్చేసింది.

ఇవాళ శుక్రవారం. జుమ్మా నమాజు అయ్యాక సంఘం అధ్యక్షుడు చిరంజీవి లిస్టు ఖాయం చేస్తాడు. చాచా ఎనిమిది గంటలూ ముత్యానికి పోతాయి. మాలతికి అందులో తప్పేమీ కనబడలేదు. ఆ రోజు బీపీ మిషన్ ఇక్కడ మరిచిపోయింది కాబట్టి, తీసుకుపోదామని చెప్పకుండా వచ్చింది. చెప్పకుండా రావడమే ఈ కథకు మంచిదయింది.

తలుపు తెరుచుకుంది. తీసింది సుహాసిని. ఏజెన్సీ పంపే మనిషి ఈ అమ్మాయే, అమలాపురం దగ్గర ఊరు. రెండు చేతులకూ మోచేతుల దాకా సబ్బు నురగ.

"మీరా మేడమ్? ఇవాళ వస్తున్నట్టు చెప్పలేదేంటండీ?"

"బీపీ మిషన్ ఈడ్నే మర్శిపోయిన. తీస్కొని పోత. మీ పని మీరు చేస్కోండ్రి."

సుహాసిని పక్కకు తప్పుకోలేదు. తలుపు రెక్క పట్టుకుని లోపలికి ఒకసారి చూసింది, మాలతి వైపు ఒకసారి చూసింది. "కొంచెం ఆగుతారా అండీ. ఎవరొచ్చినా పది నిమిషాలు గుమ్మంలో ఆపమని ఖాలా గారు చెప్పారు."

"నేను ఎవరో దాన్ని గాదు గద."

"మీరొస్తే ఇరవై నిమిషాలు ఆపమన్నారండీ."

మాలతికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ పిల్ల భుజం పక్కనుంచి లోపలికి నడిచింది. ఇరవై నిమిషాలు ఆగి ఉంటే ఏం చూసేదో ఆమెకు తెలియదు. ఆగకపోవడం వల్ల ఇది చూసింది.

హాల్లో కుర్చీ లేదు. కిటికీ పక్కన మంచం ఉంది. మంచం మీద లుంగీ, బనీనుతో ఖుత్బుద్దీన్ చాచా పక్కకు ఒరిగి ఉన్నాడు. తల మీద సబ్బు నురగ, మెడ చుట్టూ తువ్వాలు, గడ్డం ఎడమ పక్కన ఆరిపోయిన జావ చార. నిరుడు మాలతి స్వయంగా రాసిచ్చిన రబ్బరు షీటు నడుము కింద పరిచి ఉంది. ఖమర్ సుల్తానా గోడవారగా నిలబడి ఒక దుప్పటిని ఆయన మీదికి లాగాలని చూస్తోంది. దుప్పటి మంచం కోడుకు తగులుకుని రావడం లేదు.

"ఆగమని జెప్పలేదా నీకు?" అంది ఆవిడ సుహాసినితో. తర్వాత మాలతి వైపు తిరిగింది. అరవై దాటిన మనిషి, ఎర్రగా ఉండే మొహం ఇంకా ఎర్రబడింది. "ఇదేం పద్ధతి బిడ్డా? చెప్పకుంట ఒకరింట్లకు జొరబడుడేనా? మనిషి ఎట్లున్నడో ఏమో, అడిగి రావాలె గద."

"తప్పయింది ఖాలా," అంది మాలతి. ఆమె కళ్ళు మాత్రం చాచా మీదే ఉన్నాయి. "మొన్న చాచా కుర్చీల కూసున్నడు గద. ఆ కుర్చీ ఏది?"

ఖమర్ సుల్తానా మంచం కోడు నుంచి దుప్పటి విడిపించే పనిలో పడింది. సుహాసినికి ఎదుటివాళ్ళు అడిగితే చెప్పకుండా ఉండే రోగం లేదు.

"అది పైఇంటి వాళ్ళదండీ. మీరొచ్చిన రోజు తెప్పించారు. ఆ రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు నుంచీ ఇదే పనండీ ఇంట్లో. వీళ్ళబ్బాయి షోయబ్ గారు డ్యూటీ మార్చుకుని రాస్ లఫాన్ ప్లాంటు నుంచి వచ్చి గడ్డం గీశారు. పైఇంటి మగవాళ్ళిద్దరు వచ్చి కుర్చీలోకి ఎత్తారు. షేర్వానీ కింద నుంచి దుపట్టాతో కుర్చీకి కట్టామండీ, లేకపోతే పక్కకి జారిపోతారు కదా. మీరు మెట్లు దిగేదాకా ఓపిక పట్టారు. దిగంగానే విప్పేశాం."

"నువ్వు ఊకో," అంది ఖమర్ సుల్తానా. కానీ అప్పటికే అన్నీ బయటపడ్డాయి.

మాలతి మంచం చివర కూర్చుంది. దర్జాగా కూర్చున్నాడని తాను మురిసిపోయిన మనిషిని కుర్చీకి కట్టేశారు. ఆ కట్టును షేర్వానీ కింద దాచారు. ఆ షేర్వానీకి తను సున్నా మార్కులు వేసింది.

"ఎందుకు చేసినవ్ ఖాలా ఇట్ల?"

"ఎందుకంటే ఏంది? చూడనీకి మనిషి వస్తున్నదంటే బనీను మీద పండవెట్టి చూపియ్యాల్నా? మా అత్త బోధన్ల పానం పోయే పొద్దు గూడ తల దువ్విపిచ్చుకున్నది. చూడనీకి వచ్చినోళ్ళు మంచిగున్నడు అనుకుంట పోవాలె. అయ్యో పాపం అనుకుంట పోవద్దు."

"నేను చూడనీకి రాలేదు. ఫారం నింపనీకి వచ్చిన."

"గడప దాటినంక ఎవరైనా మెహమానే, సుట్టమే," అంది ఖమర్ సుల్తానా.

ఈ మాట మాలతికి కొత్త కాదు. జగిత్యాలలో వాళ్ళ నాన్న ఎద్దు కొమ్ము తగిలి పక్కటెముక విరిగి పడుకున్నప్పుడు, చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ "ఏం గాలే, మంచిగున్న" అని చెప్పి, వాళ్ళు వెళ్ళాక గోడకు తిరిగి మూలిగేవాడు. మాలతి పుట్టుకతో నేర్చిన భాషే ఇది. ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే బాగుందనడం మర్యాద. బాగాలేదంటే దేవుడి మీద చాడీ చెప్పినట్టు. ఆ ఫారం మాత్రం చిరంజీవి చుట్టమెవరో చలిదేశంలో ఒక నగర సభలో పని చేస్తూ పంపించాడు. అక్కడి వాళ్ళు నొప్పి ఉంటే నొప్పి ఉందంటారు కాబోలు. దాన్ని తెలుగులోకి దింపుకున్నారు గానీ, మనవాళ్ళు ఏ ప్రశ్నకు ఏ జవాబిస్తారో దింపుకోవడం ఎవరికీ తట్టలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడమే పరువు తక్కువ అనుకునే ఇంటికి ఆ సామెత అన్నం పెట్టదు.

"ఖాలా, కూసో," అంది మాలతి. "ఒక మాట జెప్పాలె. నువ్వు మంచిగున్నడు మంచిగున్నడు అన్నవ్. నేను అయిదు మార్కులు రాసిన. అయిదొస్తే ఇంకా సాయం అక్కర్లేదని. ఇయ్యాల జుమ్మా అయినంక మీ గంటలు బందు జేస్తున్నరు. రేపటి సంది సుహాసిని రాదు."

ఖమర్ సుల్తానా కూర్చోలేదు.

"అయిదు తక్కువనా?" అంది. గొంతులో ఇంతకు ముందున్న పొగరు లేదు. "మంచిగుంటే మంచి పేరు వస్తదనుకున్న బిడ్డా. మీరు పంపిన పిల్ల మంచిగ చూస్తున్నదని సంఘపోళ్ళకు తెల్వాలె గద. మనిషి మురికిగుంటే ఆ పిల్లను అంటరు. దాని నౌకరీకి ఏమన్న అయితదని నా భయం."

సుహాసిని సబ్బు చేతుల్ని గాల్లోనే పట్టుకుని ఆవిడ వంక చూసింది. ఇన్నాళ్ళూ గుమ్మంలో మనుషుల్ని ఆపడం ఆవిడ డాబుకోసమే అనుకుంది. తన కోసం కూడా అని ఈ క్షణం దాకా ఆ పిల్లకు తెలియదు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకు నురగ, అందుకని భుజానికి రుద్దుకుంది.

"పేపరు," అన్నాడు ఎవరో.

ముగ్గురు ఆడవాళ్ళూ తిరిగి చూశారు. ఖుత్బుద్దీన్ చాచా అన్నాడు. మాట ఒక పక్కనుంచి జారినట్టు వస్తుంది గానీ తెలుస్తుంది. ఓపిగ్గా వినాలి, అంతే.

"పేపరు నాది గద. నన్నడుగు. దాన్ని గాదు."

మాలతి ఆ రోజు ఫారం తలుచుకుంది. ఒకదాని వెనక ఒకటి ప్రశ్నలు అడిగింది. అన్నింటికీ జవాబు ఖమర్ సుల్తానా చెప్పింది. ఆ పది నిమిషాల్లో తాను కుర్చీలోని మనిషి మొహం వైపు చూసిందా అంటే, అత్తరు వైపు చూసింది, షేర్వానీ గుండీల వైపు చూసింది. ఇంతవరకూ ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె సంచిలోంచి కొత్త ఫారం తీసింది. సుహాసిని ఆయన తల మీద నీళ్ళు పోసి తుడిచి, దిండు ఎత్తి పెట్టింది. మాలతి జరిగి ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"మంచం మీంచి ఒక్కలే లేస్తరా చాచా?"

"లేస్త. పడ్త గూడ."

రెండు మార్కులు.

"స్నానం?"

చాచా సుహాసినిని చూపించాడు. "ఈ బిడ్డ వచ్చిన రోజు ఈద్. రాని రోజు రోజా, ఒక్కపొద్దే."

"బట్టలేస్కునుడు?"

"లుంగీ అయితే ఒక మనిషి. షేర్వానీ అయితే ముగ్గురు. కట్టనీకి దుపట్టా వేరే."

ఖమర్ సుల్తానా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపమో నవ్వో తెలియలేదు. "పరువు తీస్తున్నడు సూడు," అంది గోడతో.

"నీ పరువుకు అయిదు మార్కులు వచ్చినయ్ గద," అన్నాడు ఆయన. "ఇప్పుడు నా వంతు."

అప్పుడు ఆవిడ నవ్వింది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆ మనిషి తనను మాటలో గెలిచిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పక్షవాతం వచ్చాక ఇదే మొదటిది. ఆ నవ్వు చూసి మాలతికి గుండె తేలికపడింది.

"తినుడు?"

"తింట. సగం నేను, సగం గడ్డం."

"బాత్రూమ్?"

చాచా దీనికి తమాషా చేయలేదు. కిటికీ వైపు చూశాడు. ఖమర్ సుల్తానా కూడా అటే చూసింది. ముప్పయ్యేళ్ళు పరాయి వాళ్ళ బట్టల కొలతలు తీసుకున్న మనిషి. తన కొలత ఒకరు తీసుకోవాల్సి రావడం ఎంత కష్టమో మాలతికి అప్పుడు తెలిసింది.

"అది నాకు ఎరుకే చాచా," అని రెండు మార్కులు వేసి ముందుకు వెళ్ళింది.

"మాట్లాడుడు?"

"మాట్లాడ్త. అది మాట్లాడనిస్తే."

తొమ్మిది ప్రశ్నలయ్యేసరికి పదిహేను మార్కులయ్యాయి. మాలతి రెండుసార్లు కూడింది. పదిహేనే. ఇంక ఆ ఇంటి గంటల్ని ఎవరూ ముట్టుకోలేరు. ఆమె పెన్ను మూసి ఊపిరి వదిలింది. వదిలాక, ఆ ఊపిరిలోనే ముత్యం గుర్తొచ్చాడు.

"ఇంకేమైంది?" అంది ఖమర్ సుల్తానా. మొహాలు చదవడంలో ఆవిడకు ఫారం అక్కర్లేదు. "పదిహేనొచ్చినయ్ అంటివి. మళ్ళ మొకమెందుకు అట్ల పెట్టినవ్?"

మాలతి చెప్పింది. తుంటి సంగతి, గది సంగతి, పక్కనున్న సీసా, కింద ఉన్న సీసా. ఈ ఇంటి గంటలు ఇక్కడే ఉంటే అతనికి ఇవ్వడానికి గంటలు లేవని కూడా చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందేమో గానీ, ఈ ఇంట్లో అప్పటికే చాలా దాచారు, ఇంకొకటి దాచడం ఆమెకు చేతకాలేదు.

"పిల్లగానికి ఎన్నేండ్లు?"

"ఇరవై తొమ్మిది. ఇంటికాడ తల్లి ఎల్లవ్వ ఒక్కతే. కొడుకు దుబాయ్ల మంచిగ పని జేస్కుంటున్నడనుకుంటున్నది ఆమె. పడ్డ సంగతి చెప్పలేదు."

"ఖతర్ల ఉంటే దుబాయ్ అంటదా?"

"మా దిక్కు అందరికీ ఇదంత దుబాయే గద ఖాలా."

ఖమర్ సుల్తానా ఆ తల్లిని తన మనసులో ఎక్కడో కూర్చోబెట్టుకుంది. తర్వాత వెళ్ళి, హాలు పక్కనున్న చిన్న గది తలుపు తోసి లోపలికి చూసింది. అది షోయబ్ గది. వారంలో నాలుగు రాత్రులు కొడుకు రాస్ లఫాన్‌లోనే ఉంటాడు. మంచం ఖాళీ.

"ఇటు తోల్కరాండ్రి," అంది.

"ఎవర్ని?"

"ఆ పిల్లగాన్ని. షోయబ్ వచ్చిన రోజు హాల్ల పరుపు ఏస్కుంటడు. చిన్నప్పుడు ఏడుగురం ఒక్క అర్రల పండినోళ్ళం. హాల్ల పంటే షోయబ్ అరిగిపోతడా?"

సుహాసినికి నోరు ఆగలేదు. "తా దూర సందు లేదు మెడకో డోలని మా అమ్మమ్మ అనేదండీ. ఈ ఇంట్లో మీకే చోటు లేదు కదా."

"డోలు కాదు బిడ్డా, ఒక్క మంచం. నువ్వు చెప్పు, నీకు లెక్క తెల్సు. వాడు ఈడ ఉంటే నీకెంత పని?"

సుహాసిని ఆలోచించింది. పనిమంతురాలు, ఆలోచిస్తే ఠక్కున తేలుతుంది. "ఎనిమిది గంటలు ఎందుకంటే అక్కడ ఒక్కడే ఉన్నాడు కాబట్టండీ. నీళ్ళిచ్చేవాళ్ళు లేరు, అన్నం పెట్టేవాళ్ళు లేరు. ఇంట్లో మనిషుంటే నాకు పొద్దున అరగంట చాలు. స్నానం, కట్టు చూడటం, నాలుగడుగులు నడిపించడం. ఆ అరగంట చాచా గారి గంటల్లోంచే తీస్తాను. మిగతాదంతా..."

"మిగతాది నేనున్న గద," అంది ఖమర్ సుల్తానా.

చాచా మంచం మీంచి గొంతు సవరించుకున్నాడు. "అష్టాచెమ్మ వస్తదా వానికి?"

"రాకుంటే నేర్పు," అంది భార్య. "గవ్వలు కింద పడితే ఏరనీకి ఇద్దరికీ చేతగాదు, మళ్ళ నన్నే పిలుస్తరు."

మాలతి చిరంజీవికి ఫోన్ చేసింది. నిర్మల్ మనిషి. మాట తొందర, మనసు మెత్తన.

"అయిదు పదిహేను ఎట్లయింది చెల్లె?" అన్నాడు అంతా విని.

"నేను తప్పు రాసిన అన్నా. చాచాను అడగకుంట చాచాకు మార్కులేసిన."

"మిగిలిన ఆరిండ్లు?"

"అన్నిటికి మళ్ళ పోవాలె. ఈసారి చెప్పకుంట పోత."

"తంతరు చెల్లె."

"తంతే తన్ననీయి. మార్కులు మాత్రం సరిగొస్తయ్."

చిరంజీవి నవ్వాడు. ఇల్లు, మంచం సంగతి విని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. లిస్టు మార్చాల్సిన పనే లేకుండా ముత్యానికి దారి దొరికిందంటే అధ్యక్షుడికి అంతకన్నా ఏం కావాలి. ఎవరి గంటలూ కోయకుండా ఒక్క శుక్రవారం గడవడం ఆయన పదవిలో ఇదే మొదటిసారి. "నేను వాని రూం దగ్గర్నే ఉన్న. కార్ల ఏస్కొని వస్త. యల్లా, బయల్దేరుత," అని పెట్టేశాడు.

ఆ తర్వాతి అరగంట ఆ ఇంట్లో పండగలా నడిచింది. ఖమర్ సుల్తానా గుమ్మంలో నిలబడి ఆజ్ఞలు వేస్తుంటే సుహాసిని షోయబ్ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది. తలాపున నీళ్ళకు స్టూలు వేసింది. కుర్చీ ఇంకోసారి ఇస్తారేమో అడగమని పైఇంటికి ఫోన్ వెళ్ళింది. ఈసారి కట్టడానికి కాదు, నిజంగానే కూర్చోవడానికి. పిల్లగాడు పెద్దకూర, అంటే గొడ్డు మాంసం, తింటాడో తినడో అని పెద్ద చర్చ జరిగి, అడిగేదాకా పప్పే వండాలని తేలింది. చాచా మంచం మీంచి ఏదో పాత పాట ఒక పక్క పెదవితో కూనిరాగం తీశాడు. మాలతి బీపీ మిషన్ సంచిలో పెట్టుకుని, మంచం చివరే కూర్చుని, చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది. ఈ దేశంలో పన్నెండేళ్ళుగా ఎన్నో ఇళ్ళకు వెళ్ళింది. తన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చోవడం ఇదే మొదలు.

సంతకం పెట్టేద్దామని ఫారం తీసింది. పదో ప్రశ్న మిగిలే ఉంది. ఎప్పుడూ ఎవరినీ అడగని ప్రశ్న అది. ఎదురుగా తిరుగుతూ కనబడుతున్న మనిషి ఎలా ఉందని ఏం అడుగుతాం? ఏడిళ్ళలోనూ అడక్కుండానే సున్నా వేసింది. ఇవాళ మాత్రం, ఇన్ని తప్పులు దిద్దుకున్న ఊపులో, సరదాగా గట్టిగా చదివింది.

"ఇంట్ల చూసుకునే మనిషి ఆరోగ్యమెట్లుంది? ఆఖరుది చాచా. ఖాలా ఎట్లున్నది?"

"నాకేమైంది?" అంది ఖమర్ సుల్తానా గది గుమ్మంలోంచి. "మంచిగున్నదని రాయి బిడ్డా."

"నన్నడుగుతున్నది," అన్నాడు చాచా.

ఆవిడ భర్త వైపు చూసింది. ఆజ్ఞలన్నీ ఆగిపోయాయి. "నక్కో జీ," అంది మెల్లగా, వద్దు అని. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తది."

ఆయన కూడా ఆవిడనే చూశాడు. చూస్తూనే మాలతికి చెప్పాడు.

"దాని కుడి చెయ్యి రెండు నెలల సంది లేస్తలేదు. గ్లాసు గూడ పట్టదు. కొంగుల పెట్టుకొని తిరుగుతది. కొడుక్కు తెల్వదు, ఈ పిల్లకు తెల్వదు. ఉల్లిగడ్డ నేను కుడి చేత పట్టుకుంట, అది ఎడమ చేత కోస్తది. ఇద్దరికి కలిపి ఒక్క మనిషి చేతులున్నయ్ బిడ్డా. ఇన్ని దినాలు వాటితోనే ఎల్లదీసినం."

సుహాసిని చేతిలో దిండు అలాగే ఉండిపోయింది. ఖమర్ సుల్తానా కుడి చెయ్యి కొంగు మడతలోనే ఉంది. మాలతి నర్సు. రెండు నెలలుగా లేవని చేతి వెనక ఏమేం ఉండొచ్చో ఆమెకు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. గట్టిగా ఏడవాలనిపించింది.

ఫోన్ మోగింది. చిరంజీవి. "కిందికొచ్చినం చెల్లె. ఎత్తుకొని లిఫ్టుల ఎక్కిస్తున్నం. పోరడు ఏడుస్తున్నడు, సంతోషానికి. తలుపు తెరిచి పెట్టుండ్రి."

మాలతి ఫోన్ దింపి పెన్ను తెరిచింది. ఖమర్ సుల్తానా వచ్చి మంచం పక్కన నిలబడింది. ఎడమ చెయ్యి చాపి ఫారం మీద పెట్టింది, గట్టిగా, పదో గడి కనబడకుండా.

"రాయకు బిడ్డా," అంది. "రాస్తే ఆ పిల్లగాన్ని ఎన్కకు తోల్కపోతరు."

బయట లిఫ్టు తలుపు తెరుచుకుంది.